ఆరు వోల్టుల దగ్గర మొదలుపెట్టండి

గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ళు ఇంకా నిలబడి ఉన్న వీధుల్లో, అటక మీదో చావడి గూట్లోనో ఒక వాల్వు రేడియో ఇప్పటికీ కనిపిస్తుంది. మర్ఫీయో, బుష్షో, ఫిలిప్సో. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైన తరవాత కోస్తా ఊళ్ళలో రేడియో చుట్టూ జనం చేరిన రోజులకు మిగిలిన గుర్తులివి. వీటిలో కొన్ని ఈనాటికీ మోగుతాయి. స్విచ్చు వేసి కాసేపు ఓపిక పడితే వాల్వులు వేడెక్కి గరగర వినిపిస్తుంది. ముందున్న అద్దం మాత్రం వెలగదు. అద్దం వెలగలేదు కాబట్టి సెట్టు పోయిందని ఇంట్లో వాళ్ళు తీర్మానించేస్తారు. ఆ తరవాత అది పాత సామాన్ల బండి ఎక్కుతుంది.

పోయింది సెట్టు కాదు, అద్దం వెనకున్న చిటికెన వేలి గోరంత బల్బు. దాని ఇత్తడి మూతి మీద 6.3 వోల్టులు, 0.15 యాంపియర్లు అన్నట్టుగా ఒక చిన్న రాత ఉంటుంది. ఆ 6.3 అనే వింత అంకె మోటారు కార్ల నుంచి వచ్చింది. పాతకాలపు కారు బ్యాటరీలో మూడు అరలు ఉండేవి, ఒక్కో అరకు 2.1 వోల్టులు. కారులో రేడియో పెట్టాలంటే వాల్వు ఆ బ్యాటరీతోనే వేడెక్కాలి కాబట్టి వాల్వుల్ని 6.3 వోల్టులకు తయారుచేశారు. ఇళ్ళలో పెట్టుకునే రేడియోలూ అదే కొలత పట్టుకున్నాయి. వాల్వుకు వెళ్ళే కరెంటునే రెండు తీగలతో ముందుకు లాగి అద్దం వెనక బల్బుకు ఇచ్చారు.

ఇదే బల్బు అమెరికాలో ఇంకోచోట స్థిరపడింది. అక్కడ పిన్‌బాల్ అని ఒక నాణెం ఆట ఉంది. వాలుగా ఉన్న బల్ల మీద అద్దం, అద్దం కింద పరిగెత్తే ఉక్కు గోళీ, గోళీ తగిలిన చోటల్లా వెలిగే దీపాలు. గాట్లీబ్, బ్యాలీ, విలియమ్స్ అనే షికాగో కంపెనీలు వీటిని తయారుచేశాయి. ఒక్కో బల్లలో పదుల కొద్దీ చిన్న బల్బులు ఉంటాయి. 44వ నంబరు బల్బు 0.25 యాంపియర్లు, 47వ నంబరుది 0.15 యాంపియర్లు లాగుతుంది. రెండూ 6.3 వోల్టులవే. 44వ నంబరు బల్బు ఒక్కటీ దాదాపు 1.6 వాట్లు తింటుంది, అలాంటివి యాభై కలిస్తే 80 వాట్లు. అందులో వెలుగు కొంచెమే, తక్కినదంతా వేడి. ఆ వేడికి ప్లాస్టిక్కు వంగుతుంది, అద్దం మీద బొమ్మల రంగు పెచ్చులూడుతుంది. అందుకని ఆ యంత్రాలను ప్రేమించేవాళ్ళు పాత బల్బు గాజు తీసేసి, ఆ ఇత్తడి మూతిలోనే ఎల్‌ఈడీ కూర్చి ఇంటి బల్ల దగ్గర సొంత దీపాలు చేసుకోవడం మొదలుపెట్టారు. కొంటే ఒక్కోదానికి అయ్యే ఖర్చును యాభైతో గుణిస్తే ఎవరికైనా చెయ్యి వెనక్కి వస్తుంది, చేసుకుంటే చాలా చవక.

ఆ బల్ల ఆట మన ఊళ్ళలో లేదు. బల్బు మాత్రం ఉంది. రేడియో అద్దం వెనక ఉంది, పాత మిల్లుల ప్యానెల్ బోర్డుల మీద ఎర్ర, పచ్చ దీపాల మూతల లోపల కూడా దీనికి అన్నదమ్ముడి వరసయ్యేది ఉంది. తొమ్మిది మిల్లీమీటర్ల ఇత్తడి మూతి, పక్కన రెండు చిన్న మొటిమలు, నొక్కి తిప్పితే బిగుసుకునే రకం.

వ్యక్తిత్వ వికాసం గురించి చెప్పే పుస్తకంలో ఈ బల్బు పురాణం ఎందుకని మీరు అడగవచ్చు. నాకు తెలిసినంతలో, చేతి పని రాదని వెనక్కి జరిగే మనుషుల్లో చాలామందికి లోపించింది తెలివి కాదు. తప్పు చేసినా నష్టం లేని చోట వాళ్ళకెవరూ పని ఇవ్వలేదు. ఫ్యాను విప్పితే నాన్న కోప్పడ్డారు, మిక్సీ విప్పితే అమ్మ భయపడింది, సెల్‌ఫోను విప్పితే పది వేలు పోయాయి. పెద్ద వస్తువు మీద మొదటి పాఠం నేర్చుకోవాలంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. ఆరు వోల్టుల బల్బు దగ్గర ఆ భయం లేదు. ఎల్‌ఈడీ తిరగేసి అతికిస్తే పోయేది రెండు మూడు రూపాయలు, ఆ ఆరు వోల్టులు చేతికి తగిలినా షాకు కొట్టదు. లెక్క తప్పితే తప్పని వెంటనే తెలిసిపోతుంది. కాగితం మీద వేసిన లెక్క చేతిలో దీపమై వెలగడం ఒక్కసారి చూసినవాళ్ళకు వస్తువులతో సంబంధమే మారిపోతుంది. ఆ మార్పు కోసమే ఈ అధ్యాయం.

ముందు బల్బే పోయిందని రుజువు చేసుకోండి

మన డెల్టాలో గాలికి తడి ఎక్కువ. నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ వైపు అయితే ఉప్పు కూడా తోడవుతుంది. ఇత్తడికి చిలుము పట్టడానికి ఒక వానాకాలం చాలు. కాబట్టి దీపం వెలగనప్పుడు మొదటి అనుమానం బల్బు మీదకు కాదు, హోల్డరు మీదకు పోవాలి. సెట్టు ప్లగ్గు పీకి, బల్బు బయటకు తీసి, మల్టీమీటరును కూతపెట్టే గుర్తు దగ్గర ఉంచి ఒక తీగను బల్బు అడుగుకీ, ఇంకోదాన్ని పక్క ఇత్తడికీ ఆనించండి. కూత వస్తే బల్బు బతికే ఉంది. హోల్డరు లోపల సన్నటి ఎమిరీ కాగితంతో రుద్ది, మెత్తబడిన స్ప్రింగు కొంచెం పైకి లాగితే పని అయిపోయినట్టే. ఈ పరీక్ష చేయకుండా కొత్తది చేయడానికి కూర్చోవడం చాలామంది చేసే పొరపాటు.

రేడియో విషయంలో ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. బల్బుకు వచ్చేది ఆరు వోల్టులే అయినా, అదే పెట్టెలో వాల్వుల కోసం రెండు వందల యాభై వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకిన తరవాత కూడా కండెన్సర్లలో ఆ కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. చాలా సెట్లలో బల్బు హోల్డరు అద్దం ఫ్రేముకు క్లిప్పుతో పట్టి ఉంటుంది, లాగితే ఊడి వస్తుంది. దాన్ని మాత్రమే బయటకు తీయండి. ఛాసిస్ అడుగున చెయ్యి పెట్టే పని ఈ అధ్యాయంలో లేదు.

ఇంకోటి. వెనక అట్ట మీద ఏసీ/డీసీ అని రాసి ఉన్న సెట్లు కొన్ని ఉంటాయి. వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. వాల్వులన్నీ ఒకే వరసలో కట్టి ఉంటాయి, దీపం కూడా చాలాసార్లు ఆ వరసలోనే ఉంటుంది. అంటే వాల్వులకు వెళ్ళే కరెంటు బల్బు గుండానే పోతుంది. అక్కడ ఎల్‌ఈడీ పెడితే అది మాడిపోతుంది, సెట్టూ మూగబోతుంది. పైగా ఆ సెట్ల ఛాసిస్‌కే ఇంటి కరెంటు తగిలి ఉండే వీలుంది. అలాంటి సెట్టు అయితే ముట్టుకోకుండా తెలిసిన మెకానిక్కుకు ఇవ్వండి.

లెక్క

ఎల్‌ఈడీకి ఫిలమెంటు బల్బుకు ఉన్న ఓర్పు లేదు. ఫిలమెంటు వేడెక్కిన కొద్దీ తన నిరోధం పెంచుకుని తనను తానే కాపాడుకుంటుంది. ఎల్‌ఈడీ అలా చేయదు, ఎంత ఇస్తే అంత తాగి మాడిపోతుంది. పంట కాలవకు తూము ఎలాగో దానికి రెసిస్టరు అలాగ. తూము ఎంత తెరవాలో లెక్క కట్టడమే ఈ పనిలో అసలు చదువు. పదో తరగతి భౌతికశాస్త్రంలో చదువుకున్న ఓమ్ నియమం దానికి చాలు.

రేడియోలో వచ్చేది ఏసీ. మీటరు 6.3 అని చూపిస్తుంది కానీ అల శిఖరం దగ్గర వోల్టేజి దానికి 1.414 రెట్లు, అంటే సుమారు 8.9 వోల్టులు. తెల్ల ఎల్‌ఈడీ తన వాటాగా 3.1 వోల్టుల దాకా ఉంచుకుంటుంది. మిగిలిన 5.8 వోల్టులను రెసిస్టరు మొయ్యాలి. మామూలు ఐదు మిల్లీమీటర్ల ఎల్‌ఈడీకి 20 మిల్లీయాంపియర్లు హద్దు అనుకుంటే, 5.8ని 0.020తో భాగిస్తే 290 ఓమ్‌లు వస్తాయి. దుకాణంలో దానికి పైన సులువుగా దొరికేది 330. నారింజ, నారింజ, గోధుమ గీతలు ఉండేది. పావు వాటు రకం సరిపోతుంది. ఊళ్ళో వోల్టేజి పెరిగి ఆ తీగల దగ్గర ఏడు వోల్టులు వచ్చినా 330 ఓమ్‌లు కరెంటును ఇంచుమించు ఆ 20 దగ్గరే ఆపుతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఏసీ సగం సేపు ఇటు, సగం సేపు అటు ప్రవహిస్తుంది. వెనకనుంచి వచ్చే వోల్టేజిని ఎల్‌ఈడీ తట్టుకునేది మామూలుగా ఐదు వోల్టుల వరకే, మనకేమో శిఖరం తొమ్మిది దగ్గర ఉంది. ఒక డయోడు వరసలో పెడితే ఆ దెబ్బ తగలదు కానీ దీపం సెకనుకు యాభై సార్లే వెలిగి ఆరుతుంది, కంటి కొసకు ఆ వణుకు తెలుస్తుంది. దీనికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉపాయం రెండు ఎల్‌ఈడీలను ఎదురెదురుగా జత కట్టడం. ఒకదాని పొడుగు కాలు రెండోదాని పొట్టి కాలుతో, దీని పొట్టి కాలు దాని పొడుగు కాలుతో కలపాలి. జత మొత్తానికి ఒకే రెసిస్టరు. కరెంటు ఇటు వచ్చినప్పుడు ఒకటి వెలుగుతుంది, అటు తిరిగినప్పుడు రెండోది. వెలుగుతున్నది మూడు వోల్టుల దగ్గరే ఆపేస్తుంది కాబట్టి ఆరి ఉన్నదానికి వెనక దెబ్బ తగలదు. సెకనుకు వంద వెలుగులు, వణుకు కనపడదు. డయోడు ఖర్చు కూడా లేదు. జత మొత్తం తినేది వాటులో పదో వంతుకు లోపే.

ఎల్‌ఈడీలు ఎక్కడివి? కొనాలంటే రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి ఊళ్ళలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే చోట విడిగా దొరుకుతాయి. కానీ ముందు ఇంట్లో వెతకండి. బ్యాటరీ చచ్చిపోయిన ఛార్జింగ్ లైటు, టార్చిలైటు, దసరాకు వాడి పక్కన పడేసిన సీరియల్ సెట్టు, వీటిలో ఎల్‌ఈడీలు సాధారణంగా బతికే ఉంటాయి, మూడు వోల్టుల రకమే ఎక్కువ. సీరియల్ సెట్టు నుంచి తీసేటప్పుడు ప్లగ్గు గోడకు లేదని చూసుకుని కత్తిరించండి.

ఇంటి ఎల్‌ఈడీ బల్బుల సంగతి వేరు. 2014-15లో కేంద్రప్రభుత్వ పథకం కింద ఒక్కో ఇంటికి ఏడు వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, బల్బు పది రూపాయల చొప్పున ఇచ్చినప్పుడు మన రాష్ట్రంలో మొదట ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. నీలి ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది కూడా 2014లోనే. తెల్ల వెలుగుకు ఆ నీలిదే మూలం. బహుమతి పొందిన సంగతి అంత తొందరగా పల్లెటూరి వంటింటి దాకా రావడం నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. అప్పటినుంచి ఇప్పటిదాకా మాడిపోయిన అలాంటి బల్బులు ఇంటింటా ఉన్నాయి. మూత తీస్తే అల్యూమినియం బిళ్ళ మీద పసుపు చుక్కల్లాంటి ఎల్‌ఈడీలు కనిపిస్తాయి. చాలాసార్లు నల్ల మచ్చ పడ్డ ఒకటే పోయి ఉంటుంది, తక్కినవన్నీ మంచివే. అయితే ఈ చుక్కల్లో చాలా వాటి లోపల మూడేసి, అంతకన్నా ఎక్కువ తునకలు వరసగా ఉంటాయి, తొమ్మిది వోల్టులు దాటితే గాని వెలగవు. మల్టీమీటరు వాటిని వెలిగించలేదు కాబట్టి చచ్చిపోయాయని పొరపడతాం. మన ఆరు వోల్టుల పనికి అవి ఎలాగూ పనికిరావు, ఇంకో పనికి దాచిపెట్టండి.

చేతి పని

పాత బల్బును మందపాటి గుడ్డలో చుట్టి, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, గాజును పట్టకారుతో నొక్కి పగలగొట్టండి. ఇత్తడి మూతిలో గాజును పట్టి ఉంచిన తెల్లటి గట్టి పదార్థం సన్నటి స్క్రూడ్రైవరుతో పొడిస్తే పొడిపొడిగా రాలుతుంది. తొందరపడితే ఇత్తడి వంకర పోతుంది, హోల్డరులో మళ్ళీ దూరదు. లోపల రెండు తీగలు కనిపిస్తాయి. ఒకటి అడుగున ఉన్న సీసపు చుక్కలోకి, ఇంకోటి పక్క ఇత్తడికి వెళ్తుంది. అడుగు చుక్కను సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి, కరిగి ఉండగానే బల్ల మీద ఒకసారి తడితే రంధ్రం తెరుచుకుంటుంది. గాజు ముక్కలన్నీ కాగితంలో మడిచి, పైన రాసి పడేయండి. చెత్త ఎత్తేవాళ్ళ చేతులు కూడా చేతులే.

ఇప్పుడు ఎల్‌ఈడీల జత కట్టండి. అతికించే ముందే తొమ్మిది వోల్టుల బ్యాటరీతో, వెయ్యి ఓమ్‌ల రెసిస్టరు వరసలో పెట్టి చూడండి. ఒక పక్కకు పెడితే ఒకటి వెలగాలి, బ్యాటరీ తిప్పితే రెండోది వెలగాలి. ఒక పక్కకు ఒకటే వెలిగి, తిప్పితే ఏదీ వెలగకపోతే రెండోది పోయిందని అర్థం. ఒక పక్కకు రెండూ వెలిగి తిప్పితే ఏదీ వెలగకపోతే జత ఒకే దిక్కుకు కట్టారు. ఈ అర నిమిషం పరీక్ష తరవాత గంట శ్రమను కాపాడుతుంది.

జతకు ఒక కొనలో 330 ఓమ్‌ల రెసిస్టరు అతికించి, దాని మీద సన్నటి స్లీవు తొడగండి. రెసిస్టరు కాలు అడుగు రంధ్రంలోంచి బయటకు రావాలి. అక్కడ గుండ్రటి సీసపు చుక్క పెట్టి, మిగిలిన తీగ కత్తిరించండి. రెండో కొన ఇత్తడి అంచుకు అతకాలి. చిలుము ఉన్న ఇత్తడికి సీసం అంటుకోదు, చుక్కలా దొర్లిపోతుంది. అంచును ఎమిరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొంచెం ఫ్లక్సు పేస్టు రాసి, ఐరన్‌ను ముందు ఇత్తడికి ఆనించి అది వేడెక్కాక సోల్డరు వైరు తగిలించండి. ఎల్‌ఈడీ కాలును మాత్రం రెండు మూడు సెకన్లకు మించి వేడి చేయకండి. లోపల ఖాళీని రెండు ట్యూబులు కలిపే జిగురుతో నింపి ఒక రాత్రి వదిలేయండి. గట్టిపడ్డాక నొక్కి తిప్పినా లోపల ఏదీ కదలదు, తడి గాలీ దూరదు.

వెలిగించాక చాలామందికి కలిగే నిరాశ ఒకటుంది. ఎల్‌ఈడీ వెలుగు ముందుకే పోతుంది, ఫిలమెంటు అన్ని వైపులా వెలుగుతుంది. అద్దం మధ్యలో తెల్లటి మచ్చ, అంచుల్లో చీకటి. దీనికి ఎల్‌ఈడీ గుండ్రటి తలను ఎమిరీ కాగితం మీద రుద్ది పాలగాజులా చేయాలి, రెండింటినీ చెరో పక్కకు వంచాలి. రంగు కూడా చూసుకోండి. నీలం చాయ కొట్టే తెలుపు పాత అద్దం మీద పేలవంగా, ఆసుపత్రి దీపంలా ఉంటుంది. పసుపు చాయ ఉన్న వెచ్చటి తెలుపు పెడితే అద్దం మీద గీతలు, స్టేషన్ల పేర్లు పాత రోజుల్లోలాగే కనిపిస్తాయి. పిన్‌బాల్ యంత్రాలు చేసుకునేవాళ్ళు కూడా ఈ వెచ్చటి తెలుపు కోసమే పట్టుపడతారు. ఎర్ర మూత వెనక అయితే తెలుపు వద్దు, ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టండి. తెలుపులోని తక్కిన రంగులన్నీ ఆ మూత మింగేస్తుంది. ఎర్రదానికి రెండు వోల్టులు చాలు కాబట్టి రెసిస్టరు 390 ఓమ్‌లకు పెంచండి.

మిల్లు, సైకిలు, చెరువు గట్టు

ఈ విద్య పట్టుబడగానే చేతులు ఊరుకోవు. ఊళ్ళో ఎక్కడ చిన్న దీపం కనిపించినా మార్చాలనిపిస్తుంది. అందులో కొన్నింటికి ఇప్పుడే వెళ్ళవచ్చు, కొన్నింటికి కూడదు.

పాత రైస్‌మిల్లు ప్యానెల్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రకం దీపాలు ఉంటే, రంగు మూత ముందునుంచే విప్పి ఆరు వోల్టుల బల్బును తీయవచ్చు. మన జత అక్కడ చక్కగా సరిపోతుంది. కానీ ఆ బోర్డులో నాలుగు వందల పదిహేను వోల్టులు ఉంటాయి. మిల్లు ఎలక్ట్రీషియను మెయిన్ ఆపి పక్కన నిలబడితే తప్ప చెయ్యి పెట్టవద్దు. పొడుగు తీగలు పక్కపక్కనే పోయే చోట ఎల్‌ఈడీ ఇంకో పేచీ పెడుతుంది. మోటారు ఆపినా పక్క తీగ నుంచి వచ్చే పిసరంత కరెంటుకే అది మసకగా వెలుగుతుంది. ఫిలమెంటు బల్బుకు ఆ పిసరు ఆనదు. మోటారు నడుస్తోందో లేదో చెప్పాల్సిన దీపం అబద్ధం చెబితే మనిషి చెయ్యి పోవచ్చు. అలాంటి చోట కంపెనీ తయారుచేసిన ఎల్‌ఈడీ సూచిక దీపం కొనడమే ధర్మం, చవకదనం అక్కడ పనికిరాదు. పాత బ్యాలీ పిన్‌బాల్ యంత్రాల్లో దీనికి తిరగేసిన చిక్కు వస్తుంది. దీపాన్ని వెలిగించే స్విచ్చి పరికరం నిలకడగా ఉండాలంటే కొంత కరెంటు పారాలి, ఎల్‌ఈడీ తీసుకునేది దానికి చాలదు, అందుకని దీపం మినుకుమినుకుమంటుంది. అక్కడివాళ్ళు ఎల్‌ఈడీకి పక్కగా ఇంకో రెసిస్టరు కట్టి ఆ కొరత తీరుస్తారు.

సైకిలు డైనమో మీద కూడా ఆరు వోల్టులని రాసి ఉంటుంది. అది చూసి మోసపోవద్దు. డైనమో మీద బరువు తగ్గితే, వేగం పెరిగితే దాని వోల్టేజి ఎంతో పైకి పోతుంది. 330 ఓమ్‌ల లెక్క అక్కడ చెల్లదు. దానికి బ్రిడ్జి, కండెన్సరు, వోల్టేజిని పట్టి ఉంచే ఏర్పాటు కావాలి, అది తరవాతి మెట్టు.

చెరువు గట్ల సంగతి వేరే చెప్పాలి. భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ల స్టార్టరు పెట్టెలు తడిలోనే ఉంటాయి. వాటిలో 230 వోల్టుల దీపం పోతే కొందరు కండెన్సరు ఒకటి వరసలో పెట్టి ఎల్‌ఈడీని నేరుగా మెయిన్ మీద వెలిగిస్తారు. సీరియల్ సెట్లు కొన్ని కూడా ఇలాగే కట్టి ఉంటాయి. దీపం చిన్నదిగా, చల్లగా ఉంటుంది కాబట్టి ప్రమాదం లేదనిపిస్తుంది. కానీ ఆ ఎల్‌ఈడీ కాళ్ళ మీద నేరుగా ఇంటి కరెంటే ఉంటుంది. తడి కాళ్ళతో, తడి చేతులతో మనుషులు తిరిగే చోట అది ప్రాణాంతకం. ట్రాన్స్‌ఫార్మర్ అడ్డు లేని దీపాన్ని ఇంట్లో తయారుచేయకూడదు. ఈ ఒక్క మాటలో నాకు సర్దుబాటు లేదు.

రేడియో దీపం వెలిగాక గంటసేపు వదిలేసి, ప్లగ్గు పీకి, బల్బును వేళ్ళతో పట్టుకుని చూడండి. గోరువెచ్చగా కూడా ఉండకూడదు. వేడిగా ఉంటే రెసిస్టరు గీతలు మళ్ళీ చదవండి, నారింజ, నారింజ, గోధుమకు బదులు నారింజ, నారింజ, నలుపు పడి ఉండవచ్చు. అది 33 ఓమ్‌లే. సరిగ్గా ఉంటే అలాంటివే ఇంకో నాలుగు చేసి, ఒక అగ్గిపెట్టెలో వేసి, మీద ఎన్ని వోల్టులో, ఎన్ని ఓమ్‌లో, ఏసీయో డీసీయో రాసి రేడియో వెనక పెట్టండి. రేపు ఆ సెట్టు విప్పేది మీరే కానక్కర్లేదు.